రాత్రిపూట ఫిల్టర్ కాఫీ: డీకాఫ్ డికాక్షన్ ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం: ఏం కావాలి, ఎందుకు కావాలి

రాత్రి భోజనమయ్యాక కూడా నిశ్చింతగా తాగగలిగే ఫిల్టర్ కాఫీని ఇంట్లో ఉన్న ఇత్తడి ఫిల్టరుతోనే తయారు చేయడం ఈ ప్రాజెక్టు లక్ష్యం. కాఫీ మానేయడం నా ఉద్దేశం కాదు. ఉదయం కాఫీ ఎప్పటిలాగే ఉంటుంది. సాయంత్రం ఐదు దాటాక తాగే కాఫీకి మాత్రం కెఫీన్ తీసేసిన గింజలతో, అంటే డీకాఫ్‌తో, ప్రత్యామ్నాయం కావాలి. అది సర్దుకుని తాగే కాఫీ అయితే ప్రయోజనం లేదు. డికాక్షన్ చిక్కగా దిగాలి, పాలు కలిపాక రంగు నిలవాలి, మొదటి గుక్కలోనే ఇది కాఫీ అని నాలుకకు తెలియాలి, గ్లాసు కింద పెట్టాక కూడా కాసేపు ఆ రుచి నోట్లో ఉండాలి.

ఎందుకింత పట్టుదల అంటే, హైదరాబాదులో నాతోపాటు ఉంటున్న అమ్మకూ, నాకూ సాయంత్రం కాఫీ అంటే ప్రాణం. నిద్ర చెడుతోందని ఇద్దరమూ పొద్దుగూకాక కాఫీ జోలికి పోవడం తగ్గించుకున్నాం. దీనికి కారణం అందరికీ తెలిసినదే అయినా, లెక్కగా చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ నిద్ర ముంచుకొచ్చేలా చేస్తుంది. కెఫీన్ అణువు దాన్ని పోలి ఉండటంవల్ల అడెనోసిన్ చేరవలసిన చోట తాను చేరి ఆ సందేశాన్ని అడ్డుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున 5 గంటలు పడుతుంది. కొందరిలో అంతకంటే త్వరగా తగ్గుతుంది, గర్భిణుల్లో చాలా నెమ్మదిగా తగ్గుతుంది. ఆ సగటు ప్రకారం చూసినా, రాత్రి 8 గంటలకు తాగిన కాఫీలోని కెఫీన్‌లో సగం ఒంటిగంటకు కూడా ఒంట్లోనే ఉంటుంది.

జూన్ రెండో వారం: ఏ పద్ధతిలో కెఫీన్ తీసిన గింజ కొనాలి

పొడి కొనేముందు కెఫీన్‌ను ఎలా తీస్తారో చదువుకున్నాను. ఏ పద్ధతి అయినా ఒక విషయం మారదు. కెఫీన్ తీయడం వేయించకముందు, పచ్చిగింజ దశలోనే జరుగుతుంది. గింజను ఆవిరితోనో నీటితోనో తడిపి ఉబ్బించి, కెఫీన్‌ను బయటికి రప్పించి, మళ్ళీ ఆరబెడతారు. ఈ తడపడమూ ఆరబెట్టడమూ గింజ స్వభావాన్ని మారుస్తాయి. నా ప్రాజెక్టులో తర్వాత ఎదురైన ప్రతి చిక్కుకూ మూలం ఇక్కడే ఉంది.

కెఫీన్‌ను మొట్టమొదట వేరుచేసినవాడు జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రీడ్‌లీబ్ ఫెర్డినాండ్ రుంగె. మహాకవి గోథె ఇచ్చిన కాఫీ గింజలే 1819లో ఆ పనికి ప్రేరణ అయ్యాయి. దాన్ని వ్యాపారం చేసినవాడు లుడ్విగ్ రోజేలియుస్. 1906లో బ్రెమెన్ నగరంలో కాఫీ హాగ్ సంస్థను స్థాపించి, బెంజీన్‌తో కెఫీన్ తీసిన కాఫీని అమ్మాడు. బెంజీన్ ఎంత హానికరమో తెలిశాక ఆ పద్ధతి పోయింది. తర్వాత మిథిలీన్ క్లోరైడ్ అనే మరో ద్రావకం వచ్చింది. అది సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరైపోతుంది కాబట్టి 200 డిగ్రీల దరిదాపుల్లో వేయించే గింజలో దాదాపు మిగలదు. అమెరికా నిబంధనల ప్రకారం వేయించిన డీకాఫ్ గింజలో అది పది లక్షల భాగాలకు 10 భాగాలు మించకూడదు.

1960 దశకంలో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ బొగ్గు పరిశోధన సంస్థలో పనిచేసిన కుర్ట్ సోజెల్ మరో దారి చూపించాడు. కార్బన్ డయాక్సైడును 31 డిగ్రీల వేడికి, 74 బార్ల ఒత్తిడికి పైన ఉంచితే అది వాయువులా చొచ్చుకుపోతూ ద్రవంలా కరిగించుకుంటుంది. ఆ స్థితిలో తడి గింజలోంచి కెఫీన్‌ను తీసుకుపోతుంది, రుచినిచ్చే పదార్థాలను చాలావరకు వదిలేస్తుంది. కొలంబియాలో చెరకు మొలాసిస్‌ను పులియబెట్టి తయారు చేసే ఇథైల్ అసిటేట్‌ను వాడతారు. పండ్లలో సహజంగా ఉండే పదార్థమే ఇది. ఆ గింజలకు కాస్త పండు వాసన, తీపి ఛాయ ఉంటాయి.

నేను నీటి పద్ధతిని ఎంచుకున్నాను. స్విట్జర్లాండులో పుట్టి కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పెద్ద ఎత్తున సాగుతున్న ఆ పద్ధతిలోని తెలివి నాకు బాగా నచ్చింది. పచ్చిగింజలను నానబెడితే కెఫీన్‌తోపాటు రుచినిచ్చే పదార్థాలన్నీ నీళ్ళలోకి దిగుతాయి. ఆ నీళ్ళను ఉత్తేజిత బొగ్గు గుండా పంపి కెఫీన్‌ను మాత్రం తీసేస్తారు. ఇప్పుడా నీళ్ళలో రుచి పదార్థాలు నిండుగా ఉన్నాయి, కెఫీన్ లేదు. అందులో కొత్త గింజలు వేస్తే, రుచి పదార్థాలకు బయటికి రావడానికి చోటు ఉండదు, కెఫీన్ ఒక్కటే బయటికి వస్తుంది. ఈ పద్ధతిలో తీసిన అరబికా అనే కాఫీ జాతి గింజలను, పొడి కాకుండా గింజలుగానే, మధ్యస్థంగా వేయించినవి ఒకటి, ముదురుగా వేయించినవి ఒకటి తెప్పించాను. ఇన్‌స్టంట్ డీకాఫ్ కూడా రుచి చూశాను. ఫిల్టర్ కాఫీకి అది ప్రత్యామ్నాయం కాదు కనుక పక్కన పెట్టేశాను.

పోలికకోసం మా ఇంట్లో మామూలుగా వాడే అరకు లోయ అరబికా పొడిని ప్రమాణంగా తీసుకున్నాను. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కాఫీ రుచి మా ఇద్దరి నాలుకలకూ బాగా అలవాటు. అందులోంచి తేడా వస్తే ఇట్టే పట్టుకోగలం.

జూన్ మూడో వారం: గింజను దగ్గరగా చూడటం

పొట్లాలు రాగానే రెండు రకాల గింజలనూ తెల్ల పళ్ళెంలో పక్కపక్కనే పోసి చూశాను. మధ్యస్థంగా వేయించిన డీకాఫ్ గింజ, అదే స్థాయిలో వేయించిన మామూలు గింజకంటే ఒక ఛాయ ముదురుగా ఉంది. పచ్చిగింజగా ఉన్నప్పుడే దాని ఆకుపచ్చ పోయి గోధుమరంగు వచ్చేస్తుంది కాబట్టి రంగును చూసి వేపుడు స్థాయిని అంచనా వేయడం దీనికి పనికిరాదు. ముదురుగా వేయించిన గింజమీద నూనె మెరుస్తోంది, వేళ్ళకు అంటుకుంటోంది. మామూలు గింజలో నూనె పైకి తేలడానికి చాలా రోజులు పడుతుంది. డీకాఫ్‌లో గింజ గోడలు బలహీనపడి ఉంటాయి కనుక త్వరగా తేలుతుంది. బొటనవేలితో, చూపుడువేలితో నొక్కితే డీకాఫ్ గింజ పుటుక్కున విరిగింది. మామూలు గింజకు ఇంకాస్త బలం పెట్టవలసి వచ్చింది.

చేతితో తిప్పే గ్రైండరులో ఆ తేడా ఇంకా బాగా తెలిసింది. డీకాఫ్ గింజ అడ్డు చెప్పకుండా నలిగింది, అయితే నలిగిన పొడి ఒకే రకంగా రాలేదు. పిండి జల్లించే జల్లెడలో వేసి తడితే కింద కాగితంమీద మెత్తటి దుమ్ము గణనీయంగా రాలింది. అదే అమరికలో నలిపిన మామూలు గింజ నుంచి రాలిన దుమ్ము అందులో సగం కూడా లేదు. పెళుసు గింజ కాబట్టి ముక్కలవడంతో ఆగక చిదిమిపోతోంది.

జూన్ చివరి వారం: డికాక్షన్ దిగదే!

రెండు ఒకే కొలత ఫిల్టర్లు పెట్టి, ఒకదానిలో 25 గ్రాముల అరకు పొడి, రెండోదానిలో అంతే తూకం, అంతే సన్నం డీకాఫ్ పొడి వేశాను. పొడిమీద కాడ ఉన్న చిల్లుల బిళ్ళను ఒకేలా నొక్కి, కాగిన నీళ్ళు ఒకేసారి పోశాను. అరకు డికాక్షన్ ఇరవై నిమిషాల్లో దిగింది. డీకాఫ్ ఫిల్టరు పైగిన్నెలో గంట దాటాక కూడా నీళ్ళు నిలిచే ఉన్నాయి. మూత తీసి బిళ్ళ కాస్త పైకెత్తి చూస్తే పిప్పి అడుగున చిల్లులమీద మెత్తటి అడుసు పొరగా పరుచుకుని ఉంది. ఆ దుమ్మే చిల్లులను మూసేసింది. ఎట్టకేలకు దిగిన డికాక్షన్ ఎక్కువసేపు నానడంవల్ల వగరుగా, కాగితం నానిన వాసనతో ఉంది. డీకాఫ్ రుచి బాగోదని చాలామంది అనడానికి ఈ వగరే ముఖ్యకారణమని నేను నమ్ముతున్నాను. అది గింజ దోషం కాదు. ఆ గింజకు తగ్గట్టు మనం పద్ధతి మార్చుకోకపోవడంవల్ల వచ్చేది.

అందుకని పద్ధతిని మూడు చోట్ల మార్చాను. మొదటిది, పొడి ముతకదనం. బొంబాయి రవ్వకంటే కాస్త సన్నంగా, మనం మామూలుగా ఫిల్టరుకు వాడే పొడికంటే స్పష్టంగా ముతకగా నలిపాను. నలిపాక ఒకసారి జల్లించి దుమ్మును వేరుచేశాను. రెండోది, బిళ్ళ నొక్కడం. గట్టిగా నొక్కడం మానేసి, పొడిమీద బిళ్ళ తన బరువుతో తాను కూర్చునేలా ఉంచాను. మూడోది, నీళ్ళు పోసే తీరు. కాగిన నీళ్ళను ఒక నిమిషం ఆగనిచ్చి, ముందు పొడి తడిసేటంత పోసి, అది నాని సర్దుకున్నాక మిగతా నీళ్ళు బిళ్ళమీదుగా నెమ్మదిగా పోశాను. మామూలు తాజా పొడి మొదటి నీళ్ళు తగలగానే బుడగలతో పొంగుతుంది. డీకాఫ్ పొడి అంతగా పొంగదు, ఎందుకంటే వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న వాయువు బలహీనమైన గోడల గుండా ముందే చాలావరకు వెళ్ళిపోతుంది. పొంగు రాకపోతే పొడి పాతదని అనుకోనక్కరలేదు.

ఈ మార్పులతో డికాక్షన్ ఇరవై అయిదు నిమిషాల్లో దిగింది. వగరు పోయింది. అయితే ముతకగా నలపడంవల్ల చిక్కదనం తగ్గింది. పాలు కలిపితే రంగు తేలిపోయింది. ముక్కు దగ్గర కాఫీ, నాలుక మీద పాలు అన్నట్టుగా ఉంది. దాంతో తూకాన్ని 30 గ్రాములకు పెంచి నీళ్ళు 150 మిల్లీలీటర్లకే పరిమితం చేశాను. పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీటిని తనలోనే ఉంచుకుంటుంది కనుక సుమారు 90 మిల్లీలీటర్ల డికాక్షన్ చేతికి వస్తుంది. ఇద్దరికి ఒక పూటకు అది సరిపోతుంది.

జూలై మొదటి వారం: చికోరీ

చికోరీ గురించి ఇన్నాళ్ళూ నాకు చిన్నచూపే ఉండేది. ఈ ప్రాజెక్టులో అది నిజంగా అవసరమైన పదార్థంగా నిలబడింది. చికోరీ ఒక మొక్క వేరు. మన దేశంలో గుజరాత్, ఉత్తర ప్రదేశ్ రాష్ట్రాల్లో బాగా పండుతుంది. అందులో కెఫీన్ అసలు లేదు. ఇనులిన్ అనే పీచుపదార్థం, చక్కెరలు ఎక్కువగా ఉండటంవల్ల వేయించినప్పుడు అవి మాడి పాకంలాంటి రంగును, తీపి కలిసిన చేదును ఇస్తాయి. కాఫీ పొడిలో నీటికి కరిగేది మూడో వంతు కూడా ఉండదు. చికోరీలో సగానికి పైగా కరుగుతుంది. అందుకే అది కొంచెం వేసినా డికాక్షన్‌కు ఒళ్ళు వస్తుంది. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, రెండింటి పాళ్ళనూ పొట్లంమీద ముద్రించాలి. ఏమీ చూడకుండా పొడి కొనేవాళ్ళు ఆ అంకెలను ఒకసారి చదవడం మంచిది.

చికోరీని విడిగా కొని 10, 15, 20, 30 శాతం పాళ్ళలో కలిపి చూశాను. 10 శాతం దగ్గర రంగు వచ్చింది కానీ చిక్కదనం చాలలేదు. 30 దగ్గర చిక్కదనం బ్రహ్మాండంగా ఉంది, కాఫీ వాసన మాత్రం చికోరీ వెనకాల దాక్కుంది. పైగా చికోరీ తడిసి ఉబ్బి డికాక్షన్‌ను మళ్ళీ నెమ్మదింపజేసింది. నీటి పద్ధతి డీకాఫ్‌లో సువాసన సున్నితంగా ఉంటుంది కాబట్టి దాన్ని కప్పేయడం ఆ గింజకు అన్యాయం చేయడమే. 15 శాతం దగ్గర, అంటే 25.5 గ్రాముల డీకాఫ్‌కు 4.5 గ్రాముల చికోరీ కలిపినప్పుడు, నేను మొదట రాసుకున్న గుణాలన్నీ కుదిరాయి. ముదురు వేపుడు గింజకు 10 శాతమే చాలు.

పాల గురించి ఎక్కువ రాయవలసింది లేదు. చిక్కటి పాలను అప్పటికప్పుడు ఒక్క పొంగు రానిచ్చి కలపాలి. ఉదయం నుంచి నాలుగుసార్లు కాచిన పాలు ఎంత మంచి డికాక్షన్‌నైనా చంపేస్తాయి. మామూలు కాఫీకి మేము ఒకటికి మూడు పాళ్ళు పాలు పోస్తాం. డీకాఫ్‌కు ఒకటికి రెండు పాళ్ళే బాగున్నాయి. చక్కెర అర చెంచా తగ్గినా లోటు తెలియలేదు.

జూలై రెండో, మూడో వారాలు: అమ్మ నాలుక

నాకు తెలిసి కలిపిన కాఫీని నేనే రుచి చూసి బాగుందనుకోవడం పరీక్ష కాదు. ఒకేలాంటి మూడు స్టీలు గ్లాసుల అడుగున గుర్తులు పెట్టి, రెండింటిలో ఒక కాఫీ, మూడోదానిలో వేరే కాఫీ పోసి, ఏది వేరో చెప్పమని అమ్మను అడిగాను. పాలు, చక్కెర, వేడి అన్నింటిలోనూ ఒకటే. దీన్ని వారమంతా పగటిపూటే చేశాం, ఎందుకంటే అందులో మామూలు కాఫీ కూడా ఉంటుంది.

మధ్యస్థ వేపుడు డీకాఫ్‌ను అమ్మ దాదాపు ప్రతిసారీ పట్టేసింది. "వేరేది ఇదే. రుచి బాగానే ఉంది కానీ, మింగాక వెనకాల ఏమీ మిగలట్లేదు" అంది. ముదురు వేపుడు డీకాఫ్‌కు 10 శాతం చికోరీ కలిపినప్పుడు మాత్రం తడబడింది. ఒకసారి అరకు కాఫీని చూపించి ఇదే డీకాఫ్ అంది. "నువ్వు గ్లాసులు మార్చలేదు కదా?" అని అడుగున గుర్తు తిప్పి చూసుకుంది కూడా.

ఇందులో కొంత రసాయన శాస్త్రం ఉంది. కెఫీన్ చేదుగా ఉంటుంది కాబట్టి కాఫీ చేదంతా దానిదేనని అనుకుంటాం. నిజానికి కాఫీ చేదులో దాని వాటా చిన్నదే. జర్మన్ ఆహార రసాయన శాస్త్రవేత్త థామస్ హాఫ్‌మన్ బృందం 2007లో చూపించినట్టు, పచ్చిగింజలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు వేపుడులో మారి ఏర్పడే లాక్టోన్లు మధ్యస్థ వేపుడు చేదునూ, ఇంకా వేయిస్తే ఏర్పడే ఫినైలిండేన్లు ముదురు వేపుడులోని గాఢమైన, నాలుకను వదలని చేదునూ ఇస్తాయి. ఈ పదార్థాలు వేపుడులో పుట్టేవి, కెఫీన్‌తో పోయేవి కావు. అమ్మ వెతికిన ఆ వెనకటి రుచి ముదురు వేపుడు గింజలో దొరకడానికి ఇదే కారణమని అనుకుంటున్నాను. అంతమాత్రాన మధ్యస్థ వేపుడు తక్కువదని కాదు. పాలు లేకుండా, పలచగా, ఏమీ కలపకుండా తాగడానికి నాకు అదే ఇష్టం. అందులో ఎండుద్రాక్ష లాంటి తీపి ఒకటి నిదానంగా తెలుస్తుంది.

జూలై చివరి వారం: కెఫీన్ లెక్క

డీకాఫ్ అంటే కెఫీన్ బొత్తిగా లేనిదని కాదు. యూరోపులోని పలు దేశాల నిబంధనల ప్రకారం వేయించిన డీకాఫ్‌లో కెఫీన్ 0.1 శాతం మించకూడదు. అరబికా గింజలో సుమారు 1.2 శాతం, రోబస్టా అనే మరో కాఫీ జాతిలో సుమారు 2.2 శాతం ఉంటుంది. ఒక గ్లాసుకు 12 గ్రాముల పొడి పడుతుందనుకుంటే అరబికాలో దాదాపు 144 మిల్లీగ్రాములు, సగం రోబస్టా కలిసిన పొడిలో 200 మిల్లీగ్రాములు, డీకాఫ్‌లో మహా అయితే 12 మిల్లీగ్రాములు ఉంటాయి. పొడిలో ఉన్నదంతా డికాక్షన్‌లోకి దిగదు కాబట్టి గ్లాసులోకి వచ్చేది ఇంకా తక్కువే. యూరోపు ఆహార భద్రతా సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు, గర్భిణులకు 200 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదని చెప్పింది. ఘాటైన ఫిల్టర్ కాఫీ రోజుకు నాలుగైదుసార్లు తాగే ఇళ్ళలో ఆ హద్దు మధ్యాహ్నానికే దాటిపోవచ్చు.

సాయంత్రం కాఫీని ఒక్కసారిగా మార్చకుండా మొదట మామూలు పొడిలో సగం డీకాఫ్ కలిపి, తర్వాత మూడు వంతులు, ఆ తర్వాత పూర్తిగా మార్చాం. కెఫీన్ ఒక్కసారిగా ఆపితే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తలనొప్పి మొదలై కొన్ని రోజులపాటు ఉండవచ్చు. ఇలా మెల్లగా మార్చడంవల్ల మా ఇద్దరిలో ఎవరికీ ఆ బాధ రాలేదు.

నిల్వ విషయంలో కూడా డీకాఫ్‌కు ఓపిక తక్కువ. పైకి తేలిన నూనె గాలి తగిలి త్వరగా చెడుతుంది. గింజలను చిన్న పొట్లంగా కొని, గాలి చొరబడని స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టి, ఏ పూటకాపూట నలుపుకుంటున్నాను. గ్రైండరులో నూనె పేరుకుపోతుంది కనుక వారానికోసారి బ్రష్‌తో దులపాలి.

ఆగస్టు మొదటి వారం: ప్రస్తుత స్థితి

ఇప్పుడు మా ఇంటి సాయంత్రం కాఫీ కొలత ఇది: ముదురు వేపుడు, నీటి పద్ధతి డీకాఫ్ 27 గ్రాములు, చికోరీ 3 గ్రాములు, నిమిషం ఆరిన నీళ్ళు 150 మిల్లీలీటర్లు రెండు దఫాలుగా, డికాక్షన్ ఒకటికి పాలు రెండు. రాత్రి ఎనిమిదిన్నరకు, భోజనాల తర్వాత, ఇద్దరమూ గ్లాసులు పట్టుకుని బాల్కనీలో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. నిద్ర చెడలేదు.

ఇంకా తేలవలసినవి ఉన్నాయి. కెఫీన్ పుట్టుకతోనే లేని కాఫీ మొక్కల గురించి చదివినప్పటి నుంచి వాటిమీద ఆశ పెరిగింది. కామెరూన్‌లో దొరికిన చారియెరియానా జాతి అలాంటిదే. ఇథియోపియా మూలాలున్న అరబికా మొక్కల్లో కొన్నింటికి కెఫీన్ దాదాపు లేదని 2004లో బ్రెజిల్ పరిశోధకులు ప్రకటించారు. తడపడం, ఆరబెట్టడం లేకుండా అలాంటి గింజ మన అరకు కొండల్లో పండితే దాని డికాక్షన్ ఎలా దిగుతుందో చూడాలని ఉంది.

దానికంటే ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. అమ్మ పోయినవారం రాజమండ్రి వెళ్తూ డీకాఫ్ గింజలు, చికోరీ పట్టుకెళ్ళింది. అక్కడి ఫిల్టరు పాతది, పెద్దది, చిల్లులు కాస్త వెడల్పు. నిన్న ఫోనులో, "నువ్వు రెండు దఫాలన్నావు కదా, నేను మూడు దఫాలుగా పోశాను. డికాక్షన్ ఇంకా నల్లగా దిగింది. ఈసారి చికోరీ లేకుండా చేసి చూస్తాను" అని చెప్పింది. ఆ మూడు దఫాల పద్ధతిని ఇక్కడి చిన్న ఫిల్టరులో, చికోరీ వేసీ వేయకుండానూ, ఈ ఆదివారం పోల్చి చూస్తాను.